కంటికి కనపడని దాన్ని లెక్కపెట్టేది ఎలా?



మన తొమ్మిదో తరగతి పాఠంలో క్లోరిన్ పరమాణు భారం 35.5 అని ఉంది. 35 భారం ఉన్న పరమాణువులు 75 శాతం, 37 భారం ఉన్నవి 25 శాతం, అందుకే సగటు 35.5. ఈ లెక్క అందరికీ వచ్చు. కాని పరమాణువు కంటికి కనపడదు కదా, మరి 75, 25 అని ఎవరు లెక్కపెట్టారు? మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే, ఇంటికాడ అడగడానికి ఎవరూ లేరు. సైన్సు మేడం గారిని అడిగి, లైబ్రరీలో చదివి తెలుసుకున్నది మీ కోసం రాస్తున్నాను.

లెక్కపెట్టే యంత్రం పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. అది మూడు పనులు చేస్తుంది. మొదటిది, పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి అయానుగా మారుస్తుంది. అప్పుడు దానికి ధనావేశం వస్తుంది. రెండోది, గాలి తీసేసిన గొట్టంలో అయాన్లను పరుగెత్తించి, అయస్కాంతంతో దారి మళ్లిస్తుంది. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి. చేటతో చెరిగితే పొట్టు ఒక పక్కకి, గింజ ఒక పక్కకి పోయినట్టు అన్నమాట. మూడోది, విడిపోయి వచ్చిన అయాన్లను పట్టి లెక్క చెబుతుంది. ఈ మూడో పని చేసేదే డిటెక్టరు.

ఫోటో పలక: ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఆస్టన్ అనే శాస్త్రవేత్త 1919లో చేసిన యంత్రంలో అయాన్లు ఫోటో పలక మీద పడితే అక్కడ గుర్తు పడేది. క్లోరిన్‌కి 35 దగ్గర ఒక గుర్తు, 37 దగ్గర ఒక గుర్తు పడ్డాయి. 35.5 దగ్గర ఏమీ లేదు! ఆయనకి 1922లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కాని గుర్తు ఎంత నల్లగా ఉందో చూసి, ఎన్ని పడ్డాయో సరిగ్గా చెప్పడం కష్టం.

ఫారడే గిన్నె: జీలుగు చెట్టుకి కుండ కట్టి కల్లు పట్టినట్టే, అయాన్ల దారిలో ఒక లోహపు గిన్నె పెడతారు. అయాను అందులో పడగానే దాని ధనావేశాన్ని తీర్చడానికి తీగలోంచి ఎలక్ట్రాన్ వస్తుంది. వరసగా పడుతూ ఉంటే తీగలో కరెంటు పారుతుంది. ఆ కరెంటును కొలుస్తారు. కాని ఒక అయాను ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులే. సెకనుకి కోటి అయాన్లు పడినా 1.6 × 10⁻¹² ఆంపియర్లే వస్తుంది. దాన్ని 10¹¹ ఓముల నిరోధం గుండా పంపితే 0.16 వోల్టు అవుతుంది, అప్పుడు కొలవొచ్చు. సెకనుకి పదో ఇరవయ్యో అయాన్లు వస్తే మాత్రం గిన్నెకి అసలు తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. వేగంగా వచ్చిన అయాను గుద్దితే లోహంలోని ఎలక్ట్రాన్లు పైకి చిందుతాయి. అవి గిన్నె దాటిపోతే మీటరు ఎక్కువ అయాన్లు పడ్డట్టు చూపిస్తుంది. అందుకని గిన్నెను లోతుగా చేసి, మూతి దగ్గర ఋణావేశం ఉన్న పలక పెడతారు. ఎలక్ట్రాన్లు మళ్లీ గిన్నెలోకే పోతాయి. దంచేటప్పుడు గింజలు చిందకుండా రోటి చుట్టూ కుందెన పెడతారు చూడండి, అలాగే.

ఎలక్ట్రాన్ మల్టిప్లయరు: ఇందులో ఆ చిందడమే కావాలి! అయాను మొదటి పలకను గుద్దితే కొన్ని ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. రెండో పలకకి మొదటిదానికన్నా ఎక్కువ ధన వోల్టేజి ఉంటుంది కాబట్టి అవి దాని మీదికి ఉరుకుతాయి. అక్కడ ఒక్కొక్కటి మళ్లీ కొన్నింటిని లేపుతుంది. ఈ పలకలను డైనోడులు అంటారు. ఒక్కో దెబ్బకి 3 ఎలక్ట్రాన్లు, 12 పలకలు అనుకోండి. 3ని 12 సార్లు వేసి గుణిస్తే 5,31,441. గుట్ట మీద ఒక్క రాయి దొర్లితే కింద దాకా రాళ్లన్నీ కదిలినట్టు! ఒక్క అయాను పడినా యంత్రానికి తెలుస్తుంది.

మరి అన్నింటికీ ఇదే వాడొచ్చు కదా? కుదరదు. వాడగా వాడగా పలకలు పాతబడి చిందే ఎలక్ట్రాన్లు తగ్గిపోతాయి. అయాన్లు మరీ ఎక్కువగా ఒకేసారి వస్తే కొన్ని లెక్కలోకి రావు. అందుకే ఎక్కువ ఉన్నప్పుడు కచ్చితమైన పాళ్లు తెలియాలంటే గిన్నె మంచిది, చాలా కొంచెం ఉన్నదాన్ని కనిపెట్టాలంటే మల్టిప్లయరు మంచిది. కొన్ని యంత్రాల్లో రెండూ ఉంటాయి.

ఇదంతా మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. మన ఆదివాసీ ఊళ్లలో సికిల్ సెల్ జబ్బు ఉంది కదా. కీళ్లు నొప్పులు, ఒంట్లో రక్తం ఉండదు. పెద్దవాళ్లు గాలి సోకింది అంటారు. కాని అది గాలి కాదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఒకటి ఉంటుంది. దాని భారం మామూలుగా 15,867. ఆ గొలుసులో ఆరో చోట గ్లుటమిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తే 15,837 అవుతుంది. తేడా 30 మాత్రమే! మాస్ స్పెక్ట్రోమీటర్ ఈ తేడాని చూపించగలదు. జబ్బు లేనివాళ్లకి 15,867 దగ్గరే గుర్తు వస్తుంది. అమ్మ నుంచో నాన్న నుంచో ఒకరి నుంచే వచ్చినవాళ్లకి, క్లోరిన్‌కి వచ్చినట్టు రెండు గుర్తులు వస్తాయి. వాళ్లను వాహకులు అంటారు, సాధారణంగా వాళ్లకి జబ్బు బాధలు ఉండవు. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు.

క్యాంపుల్లో చేసేది ఈ యంత్రంతో కాదు, వేరే తేలిక పరీక్ష. కాని వెతికేది ఆ చిన్న తేడానే. కాబట్టి రక్తపరీక్ష వాళ్లు వస్తే మంచం కింద దాక్కోకండి. సూది నొప్పి ఒక్క నిమిషం. ఇది ఎవరి తప్పూ కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. తెలిస్తే మందులు ఉన్నాయి.

ఆలోచించండి: ఒక్కో దెబ్బకి 2 ఎలక్ట్రాన్లు, మొత్తం 20 పలకలు ఉంటే చివరికి ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తాయి? జవాబు వచ్చే సంచికలో.

– 9వ తరగతి విద్యార్థిని