గది లోపలి వెలుతురు, నీడలు: కంప్యూటర్ చిత్రంలో సరిచేసే క్రమం

పరిచయం

గది నమూనా తయారుచేసి, బల్లలూ కుర్చీలూ అమర్చి రెండర్ చేస్తే మొదటిసారి చిత్రం చీకటిగా వస్తుంది. వెంటనే చాలామంది మరో నాలుగు దీపాలు పెడతారు. గది వెలుగుతుంది కాని, కుర్చీలు నేల మీద ఆనినట్టు కాక గాలిలో తేలినట్టు కనబడతాయి. ఇది అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు. ఇల్లు కట్టుకోబోయే కుటుంబం మీ చిత్రాన్ని చూసి కిటికీ ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో నిర్ణయించుకోవచ్చు. లేని దీపాలతో వెలిగించిన చిత్రాన్ని నమ్మితే, రేపు ఆ గదిలో పట్టపగలే లైటు వేసుకోవలసి వస్తుంది.

కర్నూలు, కడప పల్లెల్లోని పాత మట్టి మిద్దెను ఉదాహరణగా తీసుకుందాం. పగలు తలుపు మూస్తే అందులోకి వెలుతురు వచ్చే ముఖ్యమైన దారి కప్పులోని గవాచి. వెలుతురు ఎక్కడి నుంచి వస్తుందో స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి నేర్చుకోవడానికి ఇది చక్కని గది.

1. వెలుతురు వచ్చే దారి

కర్నూలు అక్షాంశం సుమారు 15.8 డిగ్రీలు. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. గవాచి వెలుగు సరిగ్గా దాని కిందనే పడుతుంది. డిసెంబరు నెలాఖరున అదే వేళకు సూర్యుని ఎత్తు 51 డిగ్రీలే. 3 మీటర్ల ఎత్తున్న మిద్దెలో వెలుగు మచ్చ దాదాపు 2.4 మీటర్లు ఉత్తరానికి జరుగుతుంది. కప్పు మందంగా ఉంటే ఆ మచ్చ సన్నబడుతుంది కూడా. కాబట్టి కప్పుకూ గోడలకూ అసలు మందం ఇవ్వండి. తేదీ, వేళ నిర్ణయించుకొని సూర్యుణ్ణి అమర్చండి.

2. నీడ అంచు

సూర్యుడు బిందువు కాదు. మనకు సుమారు 0.53 డిగ్రీల వెడల్పుతో కనిపిస్తాడు. అందుకే నిండు నీడ చుట్టూ పలుచని నీడ, అంటే ఉపచ్ఛాయ, ఏర్పడుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు దాని వెడల్పు, నీడ పడే దూరంలో సుమారు 0.0093 వంతు. 3 మీటర్ల ఎత్తులోని గవాచి అంచుకు ఇది 2.8 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్ల పీట అంచుకు 4 మిల్లీమీటర్లే. పీట కాలు నేలను తాకే చోట నీడ పదునుగా ఉంటేనే పీట నేల మీద ఆనినట్టు కనబడుతుంది. బ్లెండర్‌లో సూర్యకాంతికి ఉండే కోణం విలువ ఇదే. ఆకాశం మాత్రం విశాలమైన కాంతిజనకం. దాని నీడలు మెత్తగా ఉంటాయి.

3. గోడల నుంచి తిరిగొచ్చే వెలుతురు

మిద్దె మూలలకు ఎండ నేరుగా చేరదు. గోడల మీద పడి చెదిరిన వెలుతురే చేరుతుంది. ఈ లెక్కకు ఆధారమైన రెండరింగ్ సమీకరణాన్ని జేమ్స్ కజియా 1986లో ప్రచురించారు. సున్నం గోడ 80 శాతం, కడప నల్లబండ 10 శాతం వెలుతురును తిప్పి పంపుతాయని అనుకుందాం. మూడుసార్లు తగిలాక సున్నం దగ్గర 51 శాతం మిగులుతుంది. నల్లబండ దగ్గర 0.1 శాతమే. గది చీకటిగా ఉంటే దీపం పెట్టే ముందు గోడ రంగునూ, కాంతి ఎన్నిసార్లు తగిలేలా అమర్చారో ఆ సంఖ్యనూ చూడండి. గోడకు పూర్తి తెలుపు, అంటే 100 శాతం, ఇవ్వకండి. అటువంటి గోడ ఉండదు.

4. ఎక్స్‌పోజర్, మచ్చలు

నడి ఎండ సుమారు 1,00,000 లక్స్. గదిలో కొన్ని వందలే ఉండవచ్చు. మన కన్ను ఆ తేడాకు సర్దుకుంటుంది. చిత్రంలో ఆ పని ఎక్స్‌పోజర్ చేయాలి. అది పెంచాక కూడా మూలలు చీకటిగా ఉంటే, గది నిజంగానే చీకటిదన్నమాట. ఆ మాట ఇల్లు కట్టుకునేవారికి చెప్పండి. చిత్రంలో ఇసుక చల్లినట్టు మచ్చలుంటే శాంపిళ్లు పెంచండి. మచ్చలు సగమవ్వాలంటే శాంపిళ్లు నాలుగింతలు కావాలి.

సారాంశం

ముందు దారి, తరువాత కాంతిజనకం వెడల్పు, ఆ పైన గోడలు, చివర ఎక్స్‌పోజర్. ఈ నాలుగూ చూసుకున్నాకే, ఆ గదిలో నిజంగా ఉండబోయే దీపాన్ని పెట్టండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 4 మీటర్ల ఎత్తున్న గవాచి అంచుకు ఉపచ్ఛాయ వెడల్పు ఎంత?
2. మీ ఇంట్లో ఒక గదిని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గమనించి, నీడల అంచుల్లో తేడాను రాయండి.