అమెరికా స్కూల్లో మీ పిల్లలకు ‘స్పీచ్‌ టెస్ట్‌’ అన్నారా? సంతకానికి ముందు ఇవి చూడండి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కిండర్‌గార్టెన్‌లో చేరిన తెలుగు పిల్లాడు క్లాసులో నోరు విప్పడు. కొన్నాళ్లకు ఇంటికి ఫారం వస్తుంది: స్పీచ్‌, లాంగ్వేజ్‌ పరీక్ష చేస్తాం, అనుమతివ్వండి అని. హైదరాబాద్‌లో ఉన్న అమ్మమ్మకు చెబితే, ‘మా దగ్గర గలగలా మాట్లాడాడు కదే!’ అంటుంది. పరీక్ష చేసేవాళ్లకు ముందు తెలియాల్సింది ఆ మాటే.

మాట నేర్చుకోవడంలో నిజంగా లోపం ఉంటే అది పిల్లల రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. తెలుగులో వయసుకు తగ్గట్టు మాట్లాడుతూ ఇంగ్లిష్‌లోనే తడబడుతుంటే, అది చాలావరకు కొత్త భాష నేర్చుకునే దశే. చిక్కేమిటంటే, వాడుకలో ఉన్న చాలా పరీక్షల కొలతలు ఎక్కువగా ఇంగ్లిష్‌ ఒక్కటే మాట్లాడే పిల్లల్ని బట్టి తయారయ్యాయి. తెలుగులో ‘ఎ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్‌ లేవు. ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ మనకున్నది ఒకే ‘వ’. వీటిని తప్పుల కింద వేస్తే మార్కులు తగ్గేది లోపం వల్ల కాదు, తెలుగు వల్ల.

ఈ గొడవ పాతదే. కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్‌ మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్‌లో ఐక్యూ పరీక్ష పెట్టి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల క్లాసుల్లో కూర్చోబెట్టారు. 1970లో ‘డయానా’ కేసు రాజీతో, పిల్లల సొంత భాషలోనూ పరీక్షించాలన్న షరతు వచ్చింది. ఇప్పుడు ‘ఐడియా’ అనే ఫెడరల్‌ చట్టమూ అదే చెబుతోంది: వీలైనంతవరకు పిల్లల భాషలో పరీక్షించాలి, ఒకే పరీక్షతో తేల్చకూడదు, ఇంగ్లిష్‌ రాకపోవడాన్నే వైకల్యంగా చూపకూడదు.

తెలుగు వచ్చిన స్పీచ్‌ థెరపిస్టు దొరకడం కష్టమే. అయినా దుబాసీని అడగొచ్చు. ‘డైనమిక్‌ అసెస్‌మెంట్‌’ కూడా అడగండి. ఇందులో ముందు పరీక్షించి, కాస్త నేర్పి, మళ్లీ పరీక్షిస్తారు. చెప్పగానే అందుకునే పిల్లలకు లోపం ఉండే అవకాశం తక్కువ. ఇంట్లో తెలుగులో కథ చెబుతుండగా తీసిన ఫోన్‌ వీడియో కూడా ఇవ్వండి. మీరు అనుమతి ఇచ్చాక 60 రోజుల్లో పరీక్ష పూర్తి కావాలి. కొన్ని రాష్ట్రాల గడువు వేరు. ఫలితం నచ్చకపోతే స్కూలు ఖర్చుతోనే బయటివాళ్లతో మళ్లీ చేయించమని కోరే హక్కుంది, స్కూలు దాన్ని సవాలు చేయొచ్చు.

అలాగని ‘పెద్దయ్యాక వాడే మాట్లాడతాడులే’ అని ఫారం పక్కన పడేయకండి. తెలుగులోనూ తడబడుతుంటే ఎంత తొందరగా చూపిస్తే అంత మంచిది.

ఇంకొకటి. అడ్మిషన్‌ నాడు ఇంటి భాష అడిగితే, పిల్లల్ని ఇంగ్లిష్‌ రాని గ్రూపులో వేస్తారేమోనని కొందరు ‘ఇంగ్లిష్‌’ అని రాసేస్తారు. రేపు తెలుగులో పరీక్షించమని అడిగినప్పుడు స్కూలు ముందుగా తీసి చూసేది ఆ కాగితాన్నే.