టైరులో గాలి పోతే డిఫ్లేట్, మరి మనిషిలో పోతే?

ఈ ఎపిసోడ్ నేను కూర్చుని ప్లాన్ చేసింది కాదు. వాడపల్లి వెళ్లే దారిలో, ఒక పంక్చర్ షాపు ముందు దొరికింది.

వెంకన్నబాబుకి ఏడు శనివారాలు మొక్కుకున్నానని ఇంతకు ముందు చెప్పాను కదా. మొన్నది నాలుగో శనివారం. బండి వెనకాల మా పిన్ని కొడుకు కూర్చున్నాడు. రెండ్రోజుల ముందే వాడికి ఒక ఇంటర్వ్యూ పోయింది. దారంతా ఒకటే మాట: "డీమోటివేట్ అయిపోయాను అన్నయ్యా." టీ తాగుదామా అంటే డీమోటివేట్. ఫోటో దిగుదామా అంటే డీమోటివేట్. ఆత్రేయపురం దాటి ఏటిగట్టు రోడ్డు మీద కొంచెం దూరం వచ్చామో లేదో, వెనక చక్రం వంకర్లు పోవడం మొదలెట్టింది. దిగి చూస్తే టైరు నేలకి అతుక్కుపోయి ఉంది.

షాపు దాకా తోసుకెళ్లాం. ఆయన ట్యూబు తీసి, నీళ్లలో ముంచి చూసి అన్నాడు: "మేకు గుచ్చుకోలేదండి. వాల్వు దగ్గర లీకు. గాలి పోయిందంతే, ట్యూబుకేం కాలేదండి." తర్వాత మావాడి మొహం చూసి, "తమ్ముడుగారి గాలి కూడా ఎవరో తీసేసినట్టున్నారండీ" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. మావాడు నవ్వలేదు.

ఆయనకి తెలీకుండానే ఒక ఇంగ్లీషు మాటకి రెండర్థాలూ చెప్పేశాడు. అదే డిఫ్లేట్. లాటిన్‌లో 'ఫ్లారె' అంటే ఊదడం. లోపలికి ఊదితే ఇన్‌ఫ్లేట్, ఊదింది బయటికి పోతే డిఫ్లేట్. ఇన్‌ఫ్లేట్ చాలా పాత మాట. డిఫ్లేట్ మాత్రం 1891 ప్రాంతంలో, బెలూన్ల గురించి చెప్పడానికి, దానికి వ్యతిరేకంగా తయారు చేసుకున్న మాట. తర్వాత మనుషులకీ పాకింది. 'ఐ ఫెల్ట్ డిఫ్లేటెడ్' అంటే, అప్పటిదాకా నిండుగా, పొంగుకుంటూ ఉన్నవాణ్ణి ఒక్కసారి చప్పబడిపోయాను అని. ఒకటి గమనించండి. ముందు గాలి ఉంటేనే పోతుంది. మొదట్నుంచీ ఆశ లేనివాడు డిఫ్లేట్ అవ్వడు. మావాడు ఈ ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుని ఇంట్లో స్వీట్లు కూడా పంచాడు. అందుకని వాడికి సరిపోయే మాట డీమోటివేటెడ్ కాదు, డిఫ్లేటెడ్. డీమోటివేట్ అంటే ఒక పని చేయడానికి ఉన్న కారణం పోవడం. 'ఇంత చదివి ఏం లాభం' అని వచ్చే నెల పరీక్షకి పుస్తకమే తెరవకపోతే, అప్పుడు వాడొచ్చు ఆ మాట.

ఇక్కడ నా పరువు నేనే తీసుకోవాలి. నా మొదటి ఇంటర్వ్యూలో, కంపెనీ పేరు వద్దులెండి, చాలా స్టైలుగా ఒక వాక్యం వదిలాను: 'ఐ యామ్ ఎనర్వేటెడ్ బై దిస్ ఆపర్చునిటీ.' ఎనర్జీలా వినిపిస్తోంది కదా, ఉత్సాహంగా ఉన్నానని అర్థం అనుకున్నా. ఎదురుగా ఉన్న మేడమ్ ఒక్క క్షణం ఆగి, నీళ్లు తాగుతారా అని అడిగారు. దయగల మనిషి అనుకున్నాను. మూడేళ్ల తర్వాత డిక్షనరీ తెరిస్తే తెలిసింది, ఎనర్వేట్ అంటే ఒంట్లో సత్తువంతా లాగేయడం అని! లాటిన్‌లో 'నెర్వుస్' అంటే నరం, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు. అది తీసేస్తే చెయ్యి లేవదు. అంటే నేను 'మీ ఉద్యోగం తల్చుకుంటేనే నీరసం వస్తోందండీ' అని చెప్పి వచ్చానన్నమాట.

అన్నట్టు, మన 'నీరసం' మాట కూడా ఇలాంటిదే. రసం లేకపోవడం. వాళ్లు నరం పోయిందన్నారు, మనం రసం పోయిందన్నాం. మే నెల కోనసీమ ఉక్కపోతలో మధ్యాహ్నం మూడింటికి ఎలా ఉంటారో, అదీ ఎనర్వేటెడ్. జబ్బు చేసి మంచం దిగలేకపోతే డెబిలిటేటెడ్. మొదటిది రాత్రి గాలి తిరిగితే పోతుంది, రెండోదానికి టైం పడుతుంది.

ఇప్పుడు విలువ పోవడం. ఇది మా ఇళ్లలో డబ్బు లెక్క కాబట్టి కాస్త జాగ్రత్తగా వినండి. కోనసీమలో ఏ వీధికి వెళ్లినా కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లు ఒకరైనా తగుల్తారు. మా బావ కువైట్‌లో ఉన్నాడు. రూపాయి పడిందని వార్త వస్తే ఇక్కడ టీవీలో ఏడుపు, అక్కడ బావ ఫోన్లో నవ్వు. అదే దినార్‌కి ఇంటికి ఎక్కువ రూపాయలు వస్తాయి మరి. ఆ వార్తని చాలామంది 'రూపాయి డివాల్యూ అయింది' అంటారు. కాదు. డివాల్యూ అంటే ప్రభుత్వం కూర్చుని, నిర్ణయించి తగ్గించడం. 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం అలా చేసింది. డాలర్‌కి 4.76 రూపాయలు ఉన్నది 7.50 అయింది. 1991 జులైలో, 1న ఒకసారి, 3న ఒకసారి మళ్లీ తగ్గించారు. 1993 నుంచి రేటు మార్కెట్టే తేలుస్తోంది. రిజర్వు బ్యాంకు మధ్యలో చెయ్యి పెట్టినా, అలా దిగితే దాన్ని డిప్రీషియేట్ అంటారు. మీ బండి షోరూమ్ నుంచి బయటికి రాగానే రేటు పడిపోవడం కూడా డిప్రీషియేషనే. దాన్ని ఎవరూ తగ్గించరు, అదే తగ్గుతుంది.

మరి డిఫ్లేషన్? గాలి మాటే, కానీ తిరకాసు ఉంది. డిఫ్లేషన్‌లో తగ్గేవి ధరలు. డబ్బు విలువ పెరుగుతుంది. అబ్బా బాగుందే అనుకోకండి. 1930ల మొదట్లో ప్రపంచమంతా మాంద్యం వచ్చినప్పుడు మన డెల్టాలో ధాన్యం ధర దారుణంగా పడిపోయింది. శిస్తు మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు. అప్పు కాగితం మీద రాసిన అంకె అసలు మారలేదు. ముందు పది బస్తాలు అమ్మితే తీరే బాకీకి ఇంకా ఎన్నో బస్తాలు అమ్మాలి. ధర పడితే రైతు ఎందుకు మునుగుతాడో తెలియాలంటే ఆ ఒక్క లెక్క చాలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాడపల్లిలో ఒకటి జరిగింది. ఏడు శనివారాలు తిరిగే మనలో చాలామందికి తెలీదు. నాకూ పెద్దయ్యాకే తెలిసింది. 1931 మార్చి 30. స్వామివారి రథోత్సవం. గాంధీ-ఇర్విన్ ఒప్పందం అయ్యి నెల కూడా కాలేదు, భగత్ సింగ్‌ని ఉరి తీసి వారం. జనం రథం మీద గాంధీ బొమ్మ పెట్టారు. పోలీసులు ఒప్పుకోలేదు. గొడవ పెరిగి కాల్పుల దాకా వెళ్లింది. నలుగురు చనిపోయారు. రథం లాగడానికి వచ్చిన ఊళ్లో!

ఇక్కడ రెండు మాటలు విడదీసి చూడాలి. డిస్పర్స్ అంటే గుంపుని చెదరగొట్టడం. మనుషులు అటూ ఇటూ పరిగెడతారు. డిమోరలైజ్ అంటే లోపలి పట్టుదల విరగ్గొట్టడం. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఇంగ్లీషులోకి వచ్చిన మాట ఇది. మొదట్లో నీతి చెడగొట్టడం అనే అర్థం ఉండేది, తర్వాత సైన్యం ధైర్యం పోగొట్టడం అనే అర్థం స్థిరపడింది. తుపాకీ ఆ రోజు జనాన్ని డిస్పర్స్ చేసింది. డిమోరలైజ్ చేసిందా? 1932 జనవరిలో శాసనోల్లంఘన మళ్లీ మొదలైతే గోదావరి డెల్టా మనుషులు మళ్లీ జైళ్లకి వెళ్లారు. లేదనే నా లెక్క.

డిస్పిరిటెడ్ కొంచెం వేరు. 'స్పిరిటుస్' అంటే లాటిన్‌లో ఊపిరి. ఇది ఎక్కువగా ఒక్క మనిషి లోపల, చప్పుడు లేకుండా జరుగుతుంది. డిఫ్లేట్ అవ్వడానికి ఒక్క క్షణం చాలు. డిస్పిరిటెడ్ అవ్వాలంటే అలాంటివి వరసగా నాలుగైదు తగలాలి.

క్రెస్ట్‌ఫాలెన్ అని ఇంకోటుంది, ఇది మా గోదావరోళ్లకి బట్టీ పట్టక్కర్లేదు. క్రెస్ట్ అంటే పుంజు జుట్టు. ఓడిన పుంజు జుట్టు వాలిపోతుంది చూడండి, ఆ మొహం. సంక్రాంతి బరుల దగ్గర ఆ మొహం పుంజులకంటే పందెం కాసినవాళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది. ఇక ఫిజిల్ అవుట్ అంటే ఆర్భాటంగా మొదలై తుస్సుమనడం. ఆ మాట అసలు దేని చప్పుడు నుంచి పుట్టిందో గుడి ఎపిసోడ్‌లో చెప్పను, మీరే వెతుక్కోండి.

ఇదంతా మావాడికి షాపు బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. వాల్వు మార్చి, గాలి కొట్టి, ఆయన బండి చేతికిచ్చాడు. గుడికెళ్లాం, ఏడు ప్రదక్షిణలు చేశాం. ఐదో చుట్టులో వాడే అన్నాడు: "అన్నయ్యా, ఆ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. మిగతావన్నీ చెప్పాను తెలుసా." ఏ ప్రశ్న రా అంటే, బ్యాలెన్స్ షీట్‌లో డిప్రీషియేషన్ ఎక్కడ చూపిస్తారు అని అడిగారట. మిగిలిన రెండు చుట్లూ దాని గురించే మాట్లాడుకున్నాం. పక్కన ప్రదక్షిణ చేస్తున్న ఒక మామ్మగారు "గోవిందా అనండి బాబూ" అని చెప్పేదాకా ఆపలేదు.

వాడికి నెలాఖరున ఇంకో ఇంటర్వ్యూ ఉంది. వచ్చే శనివారం నాకు ఐదోది. తిరిగొచ్చేటప్పుడు ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు తెస్తాను, ఆ రేకు ఎలా తీస్తారో తర్వాత ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటానండి.