డి.ఎన్.ఎ.ను విప్పకుండానే చదివే ప్రోటీన్లు: లాక్ రిప్రెసర్ పనితీరు

ప్రస్తావన

ఎషరీషియా కోలై బాక్టీరియాలో లాక్టోజ్‌ను, అంటే పాలలోని చక్కెరను, వాడుకోవడానికి అవసరమైన మూడు జన్యువులు ఒకే వరుసలో, ఒకే నియంత్రణ కింద ఉంటాయి. దీనినే లాక్ ఒపెరాన్ అంటారు. ఈ నమూనాను ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో 1961లో ప్రతిపాదించారు. 1965లో ఆంద్రే ల్వాఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

"లాక్టోజ్ లేనప్పుడు రిప్రెసర్ ఆపరేటర్‌పై కూర్చుంటుంది, లాక్టోజ్ ఉన్నప్పుడు లేచిపోతుంది" అనే వాక్యం చాలా జవాబు పత్రాలలో కనిపిస్తుంది. వాక్యం తప్పు కాదు. అయితే రిప్రెసర్ తన స్థానాన్ని ఎలా గుర్తుపడుతుంది, పట్టుకున్నదాన్ని ఎందుకు వదులుతుంది అని అడిగితే చాలామంది కలం ఆగిపోతుంది. ఈ భాగం ఆ రెండు ప్రశ్నలకే పరిమితం. వీటికి సమాధానం తెలిస్తే పటాన్ని బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

1. సమస్య ఎంత పెద్దది?

ఎ. కోలై డి.ఎన్.ఎ.లో సుమారు 46 లక్షల క్షార జతలు ఉంటాయి. రిప్రెసర్ గుర్తుపట్టవలసిన ప్రధాన ఆపరేటర్ పొడవు సుమారు 20 క్షార జతలు మాత్రమే. కణంలో ఉండే రిప్రెసర్ అణువుల సంఖ్య కూడా తక్కువే, సుమారు పది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయండి. డి.ఎన్.ఎ. భాషలో అక్షరాలు నాలుగే కాబట్టి 11 అక్షరాలతో 4¹¹, అంటే దాదాపు 42 లక్షల వేర్వేరు వరుసలు సాధ్యం. అందువల్ల 46 లక్షల జతలున్న డి.ఎన్.ఎ.లో ఏదైనా ఒక 11 అక్షరాల వరుస కేవలం యాదృచ్ఛికంగానే ఒకసారైనా ఎదురుకావచ్చు. 12 అక్షరాలైతే సాధ్యమయ్యే వరుసలు 1 కోటి 67 లక్షలు దాటుతాయి. కనుక ఒక చోటును ప్రత్యేకంగా గుర్తించాలంటే కనీసం 12 అక్షరాలైనా చదవాలి. ఆపరేటర్ పొడవు 20 దాకా ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమవుతుంది.

2. పెద్ద గాడిలో చదవడం

అనులేఖనం జరగాలంటే ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ డి.ఎన్.ఎ. పోగులను విడదీయాలి. రిప్రెసర్‌కు ఆ అవసరం లేదు. ద్వికుండలి వెలుపల, దాని పొడవునా, ఒక పెద్ద గాడి, ఒక చిన్న గాడి మెలితిరుగుతూ ఉంటాయి. క్షార జతల అంచులు ఈ గాడులలోకి తెరుచుకుని ఉంటాయి. ఆ అంచులలో హైడ్రోజన్ బంధానికి హైడ్రోజన్‌ను ఇచ్చే సమూహాలు, దాన్ని స్వీకరించే పరమాణువులు ఉంటాయి. థైమిన్‌పై మిథైల్ సమూహం కూడా ఉంటుంది. పెద్ద గాడి వైపు నుంచి చూస్తే ఎ-టి, టి-ఎ, జి-సి, సి-జి అనే నాలుగు జతలూ నాలుగు వేర్వేరు అమరికలుగా కనిపిస్తాయి. చిన్న గాడిలో ఈ తేడాలు ఇంత స్పష్టంగా ఉండవు. ముఖ్యంగా ఎ-టి జతను టి-ఎ జత నుంచి వేరుచేయడం కష్టం.

రిప్రెసర్‌లో ఈ గాడిని చదివే భాగాన్ని కుండలి-మలుపు-కుండలి అంటారు. ఇందులో రెండు చిన్న ఆల్ఫా కుండలులు ఒక మలుపుతో కలిసి ఉంటాయి. రెండవదైన గుర్తింపు కుండలి పెద్ద గాడిలో ఇమిడిపోతుంది. దాని 17, 18, 22 స్థానాలలోని అమైనో ఆమ్లాలు క్షారాలను తాకి పరీక్షిస్తాయి. వీటిలో 17, 18 స్థానాలలోని అమైనో ఆమ్లాలను మార్చినప్పుడు రిప్రెసర్ వేరొక వరుసను గుర్తించగలిగిందని ప్రయోగాలు చూపాయి. చదివేది ఈ కుండలే అనడానికి ఇది గట్టి రుజువు.

3. జంటగా పట్టుకోవడం

ఒక్క కుండలి కొద్ది అక్షరాలనే చదవగలదు. అందుకే రిప్రెసర్ ఉపఅణువులు జంటగా పనిచేస్తాయి. ఆపరేటర్ కూడా అందుకు తగినట్లు దాదాపు సౌష్ఠవంగా ఉంటుంది. ఒక పోగును ఒక చివర నుంచి, ఎదురు పోగును రెండవ చివర నుంచి లోపలికి చదివితే, రెండు వైపులా మొదటి ఆరు అక్షరాలు ఎ-ఎ-టి-టి-జి-టి అనే వస్తాయి. జంటలోని ఒక్కొక్క గుర్తింపు కుండలి ఒక్కొక్క సగాన్ని చదువుతుంది.

లాక్ రిప్రెసర్‌లో ఇటువంటి జంటలు రెండు, అంటే మొత్తం నాలుగు ఒకే రకమైన ఉపఅణువులు ఉంటాయి. ఒక్కొక్క దానిలో 360 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఒక జంట ప్రధాన ఆపరేటర్‌ను పట్టుకుంటే, రెండవ జంట దూరంగా ఉన్న సహాయక ఆపరేటర్‌ను పట్టుకోగలదు. అప్పుడు మధ్యనున్న డి.ఎన్.ఎ. ఉచ్చులాగా వంగుతుంది. ఈ రెండవ పట్టు విలువను 1990లో ప్రచురితమైన ప్రయోగాలు లెక్కగట్టాయి. మూడు ఆపరేటర్లూ ఉన్నప్పుడు నిరోధం సుమారు 1300 రెట్లు ఉంది. రెండు సహాయక ఆపరేటర్లను తొలగించగానే అది 18 రెట్లకు పడిపోయింది.

4. చోటును వెతకడం

కరెంటు పోయినప్పుడు చీకటి గదిలో స్విచ్ కోసం గాలిలో చేతులు ఊపము. గోడను పట్టుకుని, దాని వెంబడి తడుముకుంటూ వెళతాం. రిప్రెసర్ చేసేది కూడా అదే. డి.ఎన్.ఎ. వెన్నెముకలోని ఫాస్ఫేట్లకు రుణావేశం ఉంటుంది. ప్రోటీన్‌లోని లైసిన్, ఆర్జినిన్‌లకు ధనావేశం ఉంటుంది. ఈ ఆకర్షణ వల్ల రిప్రెసర్ ఏ వరుసకైనా బలహీనంగా అంటుకుంటుంది, కొంత దూరం జారుతుంది, విడిపోయి మరొక చోట వాలుతుంది. ఆపరేటర్ దగ్గర క్షారాలతోనూ బంధాలు కుదరడం వల్ల అక్కడ స్థిరపడుతుంది.

5. పట్టు వదలడం

ఇక్కడ తరచుగా దొర్లే పొరపాటు ఒకటి గమనించండి. ప్రేరకం రిప్రెసర్‌ను నాశనం చేయదు. అసలు ప్రేరకం కూడా లాక్టోజ్ కాదు, దాని నుంచి తయారయ్యే అల్లోలాక్టోజ్. ఇది డి.ఎన్.ఎ.ను తాకే భాగానికి దూరంగా, ప్రోటీన్ నడిమి భాగంలో బంధించుకుంటుంది. దానితో ప్రోటీన్ ఆకారం కొద్దిగా మారి, రెండు గుర్తింపు కుండలులూ ఏకకాలంలో సరైన అమరికలో నిలవలేవు. ఆపరేటర్‌పై పట్టు సుమారు వెయ్యి రెట్లు తగ్గుతుంది. ప్రేరకం తొలగిపోతే అదే అణువు మళ్ళీ పనిచేస్తుంది.

అల్లోలాక్టోజ్‌ను తయారుచేసేది బీటా-గెలాక్టోసిడేజ్. లాక్టోజ్‌ను కణంలోకి తెచ్చేది పర్మియేజ్. ఈ రెండూ ఒపెరాన్ ఉత్పన్నాలే! ఒపెరాన్ పూర్తిగా మూతపడితే దానిని తెరిచే అవకాశమే ఉండదు. రిప్రెసర్ అప్పుడప్పుడు విడివడుతుంది కనుక కొద్ది అణువులు ఎప్పుడూ తయారవుతూనే ఉంటాయి. లాక్టోజ్ ఎదురైనప్పుడు పని మొదలుపెట్టేవి అవే.

6. వైద్యంలో దీని ప్రాముఖ్యం

ఇదే సూత్రం మందులకు లొంగని కొన్ని బాక్టీరియాలలోనూ కనిపిస్తుంది. టెట్రాసైక్లిన్ రైబోసోమ్‌ల పనిని ఆపి బాక్టీరియా పెరుగుదలను అరికడుతుంది. ఈ బాక్టీరియాలలో మందును బయటికి తోసే ఒక పంపు ప్రోటీన్ ఉంటుంది. పంపు మితిమీరి తయారైతే కణానికే హాని కాబట్టి, టెట్-ఆర్ అనే రిప్రెసర్ దాని జన్యువును అదుపులో ఉంచుతుంది. ఈ రిప్రెసర్‌ను వదిలించే ప్రేరకం టెట్రాసైక్లినే. పైగా మందు రైబోసోమ్‌ కంటే టెట్-ఆర్‌కే గట్టిగా అంటుకుంటుంది. అందువల్ల రైబోసోమ్‌లు ఆగిపోయేంత మందు లోపల చేరకముందే పంపు తయారవుతుంది. రోగిని కాపాడవలసిన మందే బాక్టీరియాకు ముందస్తు హెచ్చరిక అవుతోందన్నమాట.

సారాంశం

రిప్రెసర్ ద్వికుండలిని విప్పకుండా, పెద్ద గాడిలోని క్షారాల అంచులను చదువుతుంది. జంట నిర్మాణం వల్ల గుర్తింపు కచ్చితమవుతుంది, ఉచ్చు వల్ల నిరోధం బలపడుతుంది. ఒక చిన్న అణువు ఆకారాన్ని మార్చినంతనే పట్టు సడలుతుంది. నియంత్రణకు గట్టిగా పట్టుకోవడం ఎంత అవసరమో, సమయానికి వదలడమూ అంతే అవసరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గుర్తింపు కుండలి చిన్న గాడికి బదులు పెద్ద గాడిలో చేరడం వల్ల ప్రయోజనం ఏమిటి?
2. పర్మియేజ్ జన్యువు పూర్తిగా దెబ్బతిన్న బాక్టీరియాను తక్కువ గాఢత గల లాక్టోజ్‌లో పెంచితే లాక్ ఒపెరాన్ పనిచేస్తుందా? కారణం రాయండి.
3. అల్లోలాక్టోజ్‌ను బంధించలేని రిప్రెసర్ ఉన్న కణంలో ఏమి జరుగుతుంది? 5వ విభాగం ఆధారంగా మూడు వాక్యాలలో వివరించండి.