కూలర్ తొట్టిలో నీళ్లు మార్చారా?

ఎండలు ముదరగానే పాతబస్తీలో ఇంటింటా కూలర్లు తిరగడం మొదలవుతుంది. గాలి ఆడని ఇరుకు గదుల్లో చంటిపిల్లలకు, ముసలివారికి అది పెద్ద ఆసరా. కూలర్ వాడవద్దని మేము చెప్పడం లేదు. అందులో ఏ నీళ్లు పోస్తున్నారు, ఎన్నాళ్లు నిలవ ఉంచుతున్నారు అన్నదే మా ప్రశ్న.

ఒక వానాకాలంలో మా పిల్లల వార్డుకు అన్నాచెల్లెళ్లు ఇద్దరూ డెంగీ జ్వరంతో వచ్చారు. "సిస్టరమ్మా, మా ఇంట్లో చెత్త ఉండదు, దోమలు ఎక్కడివి?" అని వాళ్ల తల్లి బాధపడింది. కూలర్ సంగతి అడిగాము. వానలు పడ్డాక ఆపేశారు గానీ తొట్టిలో నీళ్లు అలాగే ఉన్నాయి. "రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, నీళ్లు పారబోయడానికి మనసొప్పదు" అంది. ఆమె మాట నిజమే. మన వీధుల్లో చాలామంది బాధ అదే.

ఉప్పు ఎక్కడికి పోతుంది?

కూలర్‌లో నీరు ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉండడం మంచిదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. బోరు నీటిలో అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. లీటరుకు 1000 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. రోజుకు 30 లీటర్లు ఆవిరైతే 30 గ్రాములు, నెలకు 900 గ్రాముల ఉప్పు, సున్నం కూలర్‌లో పేరుకుంటాయి. పైపు రంధ్రాలు పూడుకుపోతాయి, గడ్డి గట్టిపడుతుంది, గాలి చల్లబడదు. రేకు తుప్పు పడుతుంది. ఉప్పు నీటిలో కరెంటు సులువుగా పారుతుంది కనుక షాక్ ప్రమాదం కూడా ఉంది.

నీటి ఫిల్టరు నుండి బయటకు పోయే నీటిని కొందరు కూలర్‌లో పోస్తారు. అందులో లవణాలు మరీ ఎక్కువ. దానిని ఇల్లు కడగడానికి వాడండి.

దోమకు ఇష్టమైన చోటు

డెంగీని మోసే ఏడిస్ దోమ ఇంట్లో నిలవ ఉన్న నీటిలో కూడా పెరుగుతుంది. నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు గుడ్లు అంటిస్తుంది. ఎండినా ఆ గుడ్లు కొన్ని నెలలు బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే నీళ్లు మార్చితే సరిపోదు, గోడలు తోమాలి. 2020 మే నెలలో తెలంగాణ పురపాలక శాఖ 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అనే కార్యక్రమం మొదలుపెట్టింది కూడా ఇందుకే.

ఇలా చేయండి

1. ముందుగా ప్లగ్ తీసేయండి. నీళ్లు పోసేటప్పుడు కూడా తీసే ఉంచండి.

2. వారానికి ఒకసారి, నల్లా వచ్చే రోజున తొట్టి పూర్తిగా ఖాళీ చేయండి. ఆ నీటిని ఎండిన నేలపై పోయండి, పురుగులు చస్తాయి. నేల లేకపోతే మరుగుదొడ్డిలో పోయండి.

3. గోడలను బ్రష్‌తో గట్టిగా తోమండి. సున్నం పొర పోవడానికి నిమ్మ ఉప్పు కలిపిన నీరు చాలు. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

4. వాసన వచ్చే గడ్డిని మార్చండి. ఆయాసం ఉన్నవారికి బూజు గాలి మంచిది కాదు.

5. వానలు మొదలవగానే కూలర్‌ను తోమి, ఆరబెట్టి, మూసి పెట్టండి. ఫ్రిజ్ వెనుక పళ్లెం కూడా చూడండి.

జ్వరంతో పాటు కళ్ల వెనుక నొప్పి, ఒళ్లు నొప్పులు ఉంటే డాక్టరుకు చూపించండి. ఆస్పిరిన్, బ్రూఫెన్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి. ప్రమాదం ఎక్కువగా అప్పుడే.

ఆ పిల్లలిద్దరూ కోలుకుని ఇంటికి వెళ్లారు. "ఇకమీదట నల్లా వచ్చే రోజు మా ఇంట్లో కూలర్ కడిగే రోజు" అని ఆ తల్లి చెప్పి వెళ్లింది. మీ ఇంట్లో కూడా అలాగే పెట్టుకోండి.