పాత ట్రక్కు – కలగూరగంప బ్రేకులు

అమెరికాలో పాత ట్రక్కులను వెదకి తెచ్చి, బాగుచేసి, తమ యిష్టము వచ్చినట్లు మార్చుకొని నడుపు వేడుక చాలమందికి గలదు. 1947 మొదలు 1955 వరకు షెవ్రొలే సంస్థ తయారుచేసిన పికప్ ట్రక్కులు, 1953–56 నాటి ఫోర్డు ఎఫ్-100 ట్రక్కులు ఇందుకు ప్రసిద్ధములు. 1947 నాటి షెవ్రొలే పికప్ యింజను శక్తి సుమారు 90 అశ్వశక్తులు మాత్రమే. నేటి యజమానులు దానిని తీసివేసి అంతకు రెండు మూడు రెట్లు శక్తి గల యింజనును అమర్చుచుందురు. పరుగు పెరిగిన పిమ్మట ఆపుట యెట్లు అను ప్రశ్న వచ్చును. అప్పుడు ముందు చక్రములకు ఒక కారు నుండి తీసిన డిస్కు బ్రేకులు, వెనుకకు మరియొక వాహనపు ఇరుసుతో కూడ వచ్చిన డ్రమ్ము బ్రేకులు, ఇంకొకదాని మాస్టరు సిలిండరు చేరును. పెడలు మాత్రము ట్రక్కుతో పుట్టినదే. ఇట్లు కలగూరగంప తయారగును. ఈ భాగములలో ఏదియు చెడ్డది కాకపోవచ్చును. కాని ఇవి ఒకదానికొకటి తెలియనివి. సన్నని గొట్టములును, వాటిలోని ద్రవమును వీటి కన్నింటికి పొందు కుదుర్చవలెను.

ఇందులో పొరపాటునకు ఎంత వెల యుండునో ఒక లెక్క చెప్పును. 1,600 కిలోగ్రాముల ట్రక్కు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు దాని గతిశక్తి సుమారు 6 లక్షల 17 వేల జౌళ్లు. బ్రేకు వేసినపుడు ఇది దాదాపు అంతయు ఉష్ణముగా మారును. రెండు లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి మరుగువరకు కాచుటకు చాలునంత ఉష్ణము కొద్ది సెకండ్లలో నాలుగు చక్రములకడ పుట్టును. వేగము సగమైనచో ఈ శక్తి సగము కాదు, నాలుగవ వంతే. పాత బ్రేకులు పాత వేగమునకు చాలినవి. కొత్త వేగమునకు చాలకపోవుట అందువలననే.

ద్రవముతో బ్రేకులు వేయుటకు మూలము పాస్కల్ సూత్రము. బ్లేజ్ పాస్కల్ (1623–1662) అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని వైపులకు తగ్గకుండ వ్యాపించునని చూపెను. దీనిని మోటారు చక్రములకు వర్తింపజేసినవారిలో ముఖ్యుడు మాల్కమ్ లాక్‌హీడ్. విమానములకు పేరుపొందిన లాక్‌హీడ్ సోదరులలో నితడొకడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును ఇట్టి బ్రేకులు వచ్చెను. ఫోర్డు కార్లకు మాత్రము 1939 వరకు కడ్డీల బ్రేకులే యుండెను.

సూత్రము తెలిసినచో లెక్క సులభము. కాలితో పెడలుపై 30 కిలోగ్రాముల బలము వేసితిమనుకొనుడు. పెడలు ఒక తులాదండము. దాని నిష్పత్తి 6 అయినచో మాస్టరు సిలిండరు ముషలకముపై 180 కిలోగ్రాములు పడును. ఆ సిలిండరు వ్యాసము ఒక అంగుళమైనచో వైశాల్యము 5.07 చదరపు సెంటీమీటర్లు, పీడనము చ.సెం.మీ.కు 35.5 కిలోగ్రాములు. వ్యాసము 7/8 అంగుళమైనచో వైశాల్యము 3.88, పీడనము 46 దాటును. చిన్న సిలిండరు వేసినచో ఎక్కువ పీడనము వచ్చును గదా, అదే మేలు కాదా యని విద్యార్థి అడుగవచ్చును. ఇక్కడనే చిక్కున్నది. ముషలకము రెండున్నర సెంటీమీటర్లు జరిగినపుడు పెద్ద సిలిండరు 12.7 ఘన సెంటీమీటర్ల ద్రవమును తోయును, చిన్నది 9.7 మాత్రమే. డిస్కు కాలిపరులో ముషలకము పెద్దది. దానిని కదల్చుటకు ఎక్కువ ద్రవము కావలెను. ద్రవము చాలకున్నచో పీడనము పుట్టకముందే పెడలు నేలను తాకును. మరీ పెద్ద సిలిండరు వేసినచో పెడలు రాయివలె గట్టిగానుండి, కాలు నొచ్చునే కాని బండి ఆగదు. సిలిండరును చక్రముల కడనున్న ముషలకముల కొలతనుబట్టి ఎన్నుకొనవలెను గాని, పాత సామానుల అంగడిలో దొరికినదానినిబట్టి కాదు.

దీనిని తరగతిలో చూపుట తేలిక. సూదులు తీసివేసిన 5, 20 మిల్లీలీటర్ల పిచికారీలు రెండింటిని సన్నని ప్లాస్టిక్ గొట్టముతో కలిపి, గాలి లేకుండ నీరు నింపవలెను. చిన్నదానిని నొక్కినచో పెద్దది ఎక్కువ బలముతో, కాని తక్కువ దూరము జరుగును. తరువాత గొట్టములో ఒక గాలిబుడగను విడిచి, పెద్దదానిపై కొంత బరువుంచి మరల నొక్కవలెను. చిన్నది జరుగుచునే యుండును, పెద్దది తడవు చేయును. బుడగ నలిగిపోవుటకే కాలి పని వ్యర్థమగును.

డ్రమ్ము, డిస్కు ఒక్కటే పనిచేసినను వాటి స్వభావములు వేరు. తిరుగు డ్రమ్ము లైనింగు గల బద్దను తనతో ఈడ్చుకొనిపోయి మరింత బిగించుకొనును. అందుచేత తక్కువ బలము చాలును. డిస్కునకు ఆ గుణము లేదు. కావుననే డిస్కులు వేసినవారు తరచు బూస్టరు కూడ పెట్టుదురు. యింజను పీల్చుటవలన ఏర్పడు శూన్యమును వాతావరణ పీడనమునకు ఎదురుపెట్టి బూస్టరు కాలికి సాయపడును. కాని పందెముల కొరకు మార్చిన యింజనులు కొన్ని నెమ్మదిగా తిరుగునపుడు తగినంత శూన్యము నియ్యవు. అట్టిచోట బూస్టరు అలంకారమే.

డ్రమ్ము బ్రేకుల గొట్టములో పెడలు వదలిన తరువాత కూడ చదరపు అంగుళమునకు సుమారు 10 పౌనుల పీడనము నిలుపు చిన్న కవాటమును చాలచోట్ల ఉంచుదురు. అది వీలు సిలిండరులోని రబ్బరు కప్పుల అంచులను గోడకు అంటిపెట్టుకొనియుండునట్లు చేసి, గాలి చొరకుండ కాపాడును. అదే కవాటము పొరపాటున డిస్కు గొట్టములో మిగిలిపోయినచో దిమ్మెలు ఎల్లప్పుడు రాచుకొనుచు కాగిపోవును. పాత డ్రమ్ము వాహనపు మాస్టరు సిలిండరు లోపలనే ఇది దాగియుండవచ్చును గనుక విప్పి చూడవలెను. ఈ ట్రక్కులలో మాస్టరు సిలిండరు కాళ్లక్రింది పలకకు దిగువన, చట్రముపై నుండును. కాలిపరులు దానికన్న ఎత్తున నుండవచ్చును. అప్పుడు ద్రవము వెనుకకు జారి, మొదటి తొక్కుడు వ్యర్థమగును. ఇందుకు 2 పౌనుల కవాటము చాలును. అది సుమారు 1.4 మీటర్ల నీటి ఎత్తునకు సమానము గదా!

పాత ట్రక్కుల మాస్టరు సిలిండరులో ఒకే గది. ఎక్కడ గొట్టము పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును పోవును. అమెరికా కార్లలో 1967 నాటికి రెండు గదుల సిలిండరులు సాధారణమయ్యెను. 1968 నుండి కొత్త కార్లకు ఇట్టి యేర్పాటు చట్టముచే తప్పనిసరి యయ్యెను. ముందు చక్రములు ఒక గదికి, వెనుకవి మరియొకదానికి; ఒకటి కారినను రెండవది బండిని ఎట్లో నిలుపును. ఇంజను మార్చి ఒంటి గదిని అట్లే యుంచుట సాహసము కాదు, తెలివితక్కువ. రెండు గదులలో పెద్దది సాధారణముగా డిస్కులది. దిమ్మెలు అరిగినకొలది కాలిపరులలో ద్రవము నిలిచిపోవుటయే ఇందుకు కారణము.

తోపుడు కడ్డీ విషయము చాలమంది మరచుదురు. బూస్టరుతో వాడు కొన్ని సిలిండరుల ముషలకమునకు గుంట లోతు తక్కువ. వట్టి పెడలు కడ్డీని అందులో నిలిపినచో అది జారి పడవచ్చును. కడ్డీ మరీ పొడవైనచో ముషలకము పూర్తిగా వెనుకకు రాదు. ద్రవము తొట్టిలోనికి తిరిగిపోవు రంధ్రము మూసికొనును. ద్రవము వేడెక్కి వ్యాకోచించి బ్రేకులు తమంతట తామే పట్టుకొనును. వెంట్రుకవాసి సందు తప్పక యుండవలెను.

ఇక గొట్టములు. అమెరికా గొట్టము వ్యాసము 3/16 అంగుళము, అనగా 4.76 మిల్లీమీటర్లు, మెట్రిక్ గొట్టము 4.75. గొట్టములు ఒక్కటే, మరలు వేరు. అంగుళపు నట్టు 9.5 మిల్లీమీటర్లు, మరచుట్ల దూరము 1.06, మెట్రిక్ నట్టు 10 మిల్లీమీటర్లు, దూరము 1. ఒకదానిని రెండవదాని రంధ్రములో త్రిప్పినచో కొంత పట్టుకొని బిగిసినట్లు భ్రమ పుట్టించును. గొట్టము కొన విప్పారు ఆకారమును వేరు: అమెరికా పద్ధతిలో కొనను లోనికి మడచి రెండు పొరలుగా చేయుదురు, మెట్రిక్ పద్ధతిలో బుడగవలె ఉబ్బింతురు. రెండు జాతులు కలియుచోట అందుకొరకే చేసిన జోడింపు ముక్క వాడవలెను. మెత్తని రాగి గొట్టము వంచుటకు సుఖమే గాని, అదరుచున్నకొలది గట్టిపడి చిట్లును. ఉక్కుగాని, రాగి నికెలు మిశ్రలోహముగాని వాడుదురు.

డాట్ 3 బ్రేకు ఆయిలు కొత్తదైనచో కనీసము 205 డిగ్రీల వరకు మరుగదు. అది గాలిలోని తేమను పీల్చుకొనును; తడిసినదానికి ప్రమాణము 140 డిగ్రీలే. మరిగినచో ఆవిరిబుడగ పుట్టును. దాని ఫలితము పిచికారీలలో చూచినదే. సిలికోను జాతికి చెందిన డాట్ 5 దీనితో కలియదు. యింజను ఆయిలు చుక్క పడినను రబ్బరు ఉబ్బి చెడును.

గాలి తీయునపుడు ఒక వింత తప్పు బయటపడును. కుడి కాలిపరును ఎడమకు బిగించినచో గాలి తీయు మర అడుగునకు వచ్చును. గాలి పైకి పోవునే గాని క్రిందికి రాదు గనుక ఎంతసేపు తొక్కినను పెడలు మెత్తగానే యుండును. అది సరిచేసిన తరువాత పెడలును నిమిషముపాటు గట్టిగా త్రొక్కి పట్టవలెను. మెల్లగా దిగినచో ఎక్కడనో ద్రవము కారుచున్నదనుట నిశ్చయము.

చివరకు వెనుక చక్రముల పాలు మిగిలినది. బ్రేకు వేసినపుడు బరువు ముందునకు మరలును. ఖాళీ పికప్ వెనుకభాగము ముందే తేలిక. వెనుక చక్రములు ముందు బిగిసినచో బండి అడ్డముగా తిరుగును. అందుచే వెనుక గొట్టములో పీడనము తగ్గించు కవాటమునుంచి, జనులు లేని మైదానములో తక్కువ వేగముతో మొదలుపెట్టి, ముందు చక్రములే మొదట బిగియువరకు దానిని త్రిప్పుచుందురు. తరువాత వెనుక తొట్టిలో ఇసుక బస్తాలు వేసి మరల చూతురు. బరువుతో వెనుక చక్రముల పట్టు పెరుగును గనుక ఖాళీ బండికి సరిపోయిన అమరికతో అవి తమ పాలు పూర్తిగా పనిచేయవు. బండి ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. అది ఎంతయో కొలిచి చూచుకొనవలెను.