మూర్ఛరోగము - సంచరించు నాడి

జైనూరు బజారులో నడచిపోవుచున్న మనిషి హఠాత్తుగా నేలకూలి, కాలుసేతులు కొట్టుకొనుచు, నోట నురుగు వెడలించినచో చుట్టునున్నవారు ఏమి చేయుదురు? ఎవరో ఒకరు పరుగున వచ్చి తాళపుచెవుల గుత్తిని అతని పిడికిట నుంచుదురు. రెండు మూడు నిమిషములలో మూర్ఛ తగ్గును. ఇనుము పనిచేసినదని అందరును నమ్ముదురు. నిజమునకు మూర్ఛలలో అధికభాగము ఎవరేమియు చేయకున్నను ఆ వ్యవధిలోనే తమంతట తామే శమించును. ఇనుమునకు దక్కినది ఊరక వచ్చిన కీర్తి.

అయితే ఇనుమునకు చుట్టమైన అయస్కాంతముతో మూర్ఛను ఆపుటకు యత్నించు చికిత్స ఒకటి నేడు నిజముగా ఉన్నది. దానిని గూర్చి తెలియవలెనన్న ముందొక నాడిని గూర్చి చెప్పుకొనవలెను.

మెదడుతో నేరుగా సంబంధముగల నాడులు పన్నెండు జతలు. వానిలో పదవది వేగస్ నాడి. లాటిను భాషలో ఆ మాటకు 'సంచరించునది' అని అర్థము. పేరునకు తగినట్లే అది మెడగుండ దిగి గొంతును, గుండెను, ఊపిరితిత్తులను, జీర్ణకోశమును పలుకరించుచు పోవును. దాని తంతువులలో ఎక్కువపాలు అవయవముల వార్తలను మెదడునకు చేరవేయునవే. ఆ త్రోవనే స్వల్పమైన విద్యుత్తును పంపి, మూర్ఛకు కారణమైన మెదడులోని అలజడిని తగ్గింపరాదా యని అమెరికా శాస్త్రజ్ఞుడు జేకబ్ జబారా యోచించి, 1985లో శునకములపై పరీక్షించెను. 1988లో తొలిసారిగా ఒక రోగికి ఈ పరికరము అమర్చబడినది. 1997లో అమెరికా ప్రభుత్వము మూర్ఛకు దీనిని ఆమోదించినది.

పరికరము జేబు గడియారమంత ఉండును. శస్త్రవైద్యుడు దానిని ఎడమరొమ్ముపై చర్మము క్రింద నుంచి, సన్నని తీగను మెడలోని ఎడమ వేగస్ నాడికి చుట్టును. కుడినాడికి గుండె వేగముపై పట్టు హెచ్చు గనుక ఎడమదానినే ఎన్నుకొందురు. సాధారణముగా ప్రతి అయిదు నిమిషములకొకసారి ముప్పది సెకండ్లపాటు విద్యుత్తు ప్రసరించును. మూర్ఛ రానున్నట్లు తోచినప్పుడు అయస్కాంతమును రొమ్ముపై ఒక్కమారు త్రిప్పినచో అదనముగా మరియొక ప్రసారము కలుగును. అయస్కాంతము పలుకరించునది ఆ పరికరమును మాత్రమే. పరికరము లేనివానికి అదియు తాళపుచెవి వంటిదే.

ఇది వ్యాధిని నిర్మూలించు చికిత్స కాదు. కాలక్రమమున సుమారు సగముమంది రోగులకు మూర్ఛలు సగమో, అంతకు మించియో తగ్గును. పూర్తిగా విముక్తులగువారు కొందరే. గొంతు బొంగురుపోవుట, దగ్గు కలుగవచ్చును. ఖర్చు లక్షలలో నుండును. ఇదే నాడి మార్గమున మందులకు లొంగని మనోవ్యాకులతకు 2005లోను, పక్షవాతమున చచ్చుబడిన చేతికి వ్యాయామముతోపాటు 2021లోను, కీళ్లవాతమునకు 2025లోను అమెరికాలో అనుమతి లభించినది.

మరి మన పల్లెలోని రోగి మాట యేమి? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము, తగిన మందులను క్రమముగా వాడినచో నూటికి డెబ్బదిమంది మూర్ఛలు లేకుండ జీవింపగలరు. విద్యుచ్చికిత్స మందులకు లొంగని మిగిలినవారి కొరకే. కావున మొదట చేయవలసినది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవుట. తరువాత, మూర్ఛలు ఆగినవి కదా యని వైద్యుని అడుగకయే మాత్రలు మానకుండుట.

ఇకపై ఎవరైనను మూర్ఛపోయినచో తాళపుచెవులను మొలనే ఉంచుకొనుడు. రోగిని ప్రక్కకు ఒత్తిగిలజేయుడు. తలక్రింద మెత్తని గుడ్డ నుంచుడు. నోట నీరు పోయవద్దు, ఏ వస్తువును ఉంచవద్దు, బలవంతముగా అదిమిపట్టవద్దు. గడియారము చూడుడు, అయిదు నిమిషములు దాటినచో వెంటనే ఆసుపత్రికి చేర్చుడు.

మరియొక మాట. హిందూ వివాహ చట్టములో వివాహమునకు అడ్డంకిగా నుండిన మూర్ఛరోగమును 1999లో తొలగించిరి. చట్టము విడిచిపెట్టిన అడ్డంకిని మనము ఇండ్లలో నిలుపుకొనుట తగదు.